కాఫీ మేసిన చిలుకమ్మ

ఆ సినిమా పేరు నేను చెప్పను. మీరు బతిమాలినా చెప్పను. మా అవ్వ బతుకును నవ్వులపాలు చేసినదానికి పేరొకటీ, దాన్ని మళ్ళీ నా నోటితో పలకడమొకటీనా? పలికి నోరు కడుక్కునే ఓపిక నాకు లేదు.

కానీ ఆ సినిమాలో నేనూ ఉన్నాను. ఒట్టు. మా అవ్వ చిలుకమ్మ (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం) చంకలో గుక్కపట్టి ఏడుస్తూ ఒక పిల్ల కనిపిస్తుంది చూడండి, అది నేనే. అప్పటికి నాకు ఏడాది కూడా నిండలేదు. సినిమాల్లో నా మొదటి వేషమూ ఆఖరి వేషమూ అదే.

నర్మెట్ట పక్కన మా పల్లెలో దొరలు కట్టుకున్న కోటలాంటి పాత గడి ఒకటి ఉండేది. అందులో షూటింగ్ అని మద్రాసు నుంచి లారీలు వేసుకుని దిగారు. అవ్వ ఆ గడిలో బాసన్లు తోమేది. సినిమా వాళ్ళకు పనిమనిషి వేషానికి ఒక మనిషి కావలసి వచ్చింది. నిజం పనిమనిషి కళ్ళ ముందే ఉండగా వేరే వెతకడం దేనికని అవ్వనే నిలబెట్టారు. కాఫీ కూజా, కప్పులు పెట్టిన పళ్ళెం చేతికిచ్చి, "దొర వేషం ఆయన కాఫీ ఏదే అని గద్దిస్తాడు. నువ్వు ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే ఏదో ఒకటి అనేసి, పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపో అమ్మా" అన్నారట. చంకలో పిల్ల ఉంది కదా అంటే, ఉండనీ, బాగుంటుంది అన్నారట. అవ్వ ఏదో అన్నది. అందరూ చప్పట్లు కొట్టి, పూరీలు పెట్టి పంపించారు.

తర్వాత ఆ సినిమా జనగామకు వచ్చింది. మా పల్లె పల్లెంతా బండ్లు కట్టుకుని పోయింది. తెర మీద చిలుకమ్మ కనబడగానే ఈలలే ఈలలు. దొర గద్దించాడు. అవ్వ నోరు తెరిచింది. కానీ వచ్చిన గొంతు అవ్వది కాదు. మద్రాసులో ఎవరో ముక్కుతో, మన యాసను సాగదీసి సాగదీసి పలికారు: "కాఫీ అంటే ఏంది దొరా, గడ్డి లెక్క మేసుడా?"

హాలు పగిలిపోయేలా నవ్వారు. మావాళ్ళూ నవ్వారు, అదీ నాకు ఒళ్ళు మండేది! ఆ రోజు నుంచి అవ్వ బజారుకు పోయినా, బావికాడికి పోయినా ఒకటే పలకరింపు. "ఏం చిలుకమ్మా, కాఫీ మేసినవా?" చిన్నపిల్లలు కూడా అనేవాళ్ళు. అవ్వ మళ్ళీ ఏనాడూ సినిమా హాలు మెట్లెక్కలేదు. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చోవడం మానేసింది. నలుగురిలో నోరు విప్పడమే మానేసింది. ఊరంతా బతుకమ్మ పాడుతుంటే అవ్వ చప్పట్లు కొట్టేది, పాట ఎత్తేది కాదు.

నేను బడికి పోయే వయసులో ఆ సినిమా రెండో విడతగా మళ్ళీ వచ్చింది. అవ్వకు తెలియకుండా పోయి చూశాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒకటి గమనించాను. గడ్డి మేసుడా అని ఆ దిక్కుమాలిన గొంతు ఆగిపోయింది. అవ్వ పెదవులు మాత్రం ఆగలేదు. ఇంకా కదులుతూనే ఉన్నాయి. అవ్వ అన్నది ఇంకా ఏదో ఉంది, అది వీళ్ళు వినిపించలేదు!

ఇంటికి ఉరికివచ్చి అడిగాను. "అవ్వా, ఆ రోజు నువ్వు అసలు ఏమన్నవే?"

అవ్వ నా ముఖం వైపు చూడలేదు. "ఏమో బిడ్డా, యాదికి లేదు" అని చేట తీసుకుని బయటికి పోయింది. అబద్ధం. మా అవ్వకు నేను పుట్టిన రోజున ఎవరెవరు ఏ చీర కట్టుకుని వచ్చారో కూడా యాదికి ఉంటుంది.

అదిగో, అక్కడ పట్టింది నాకు ఈ పిచ్చి. ఆ సినిమాది ఏది దొరికినా దాచడం మొదలుపెట్టాను. దాని కోసం వెతుకుతుంటే వేరేవి కూడా వచ్చి చేతిలో పడేవి, పారేయబుద్ధి కాక వాటినీ దాచాను. హాలు ముందు అమ్మే పాటల పుస్తకాలు, వెనక హీరోయిన్ బొమ్మ ఉండే గుండ్రటి చేతి అద్దాలు, ఆపరేటర్ కత్తిరించి పారేసిన ఫిల్మ్ ముక్కలు, ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడ్లు. మా గ్రామపంచాయతీ టీవీకి చెక్క తలుపులు, తాళం ఉండేవి. టీవీ పాడైపోయాక ఆ తలుపు ఒకటి నేనే మోసుకొచ్చాను. భక్తి సీరియల్ వచ్చే ఆదివారాల్లో ఆడవాళ్ళు ఆ తలుపుకు పెట్టిన పసుపు బొట్లు ఇంకా పోలేదు. పెళ్ళయి జనగామ వచ్చి బట్టలు కుట్టే దుకాణం పెట్టుకున్నాక ఇదంతా ఒక పెద్ద ఇనప్పెట్టెలోకి చేరింది. అవ్వను కూడా నా దగ్గరికే తెచ్చుకున్నాను. ఆ సినిమాది మాత్రం ఒక్కటే దొరికింది. హాలు బయట అద్దాల పెట్టెలో అతికించే ఫోటో. పళ్ళెం పట్టుకున్న అవ్వ, చంకలో నేను. సినిమా మాత్రం ఎక్కడా లేదు. మళ్ళీ ఏ హాల్లోనూ ఆడలేదు, ప్రింట్లు పోయాయి, దాన్ని తీసినవాళ్ళూ పోయారు. మాయదారి సినిమా, ఆ ఒక్క మాట మాత్రం జనం నోట బతికే ఉంది.

ఇక సకల జనుల సమ్మె నాటి సంగతికి వస్తాను.

బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు లేక కరెంటూ సరిగా లేదు. జనగామ చౌరస్తాలో టెంటు. మా ఆయన యాకయ్య ఆర్టీసీ డ్రైవరు, పొద్దున లేస్తే ఆ టెంటులోనే. నేనూ మిషను ఆపేసి మధ్యాహ్నాలు అక్కడే కూర్చునేదాన్ని. టెంటు నడిపే పిల్లల్లో సురేశ్ అని మా గల్లీ పిల్లాడు, హైదరాబాదులో పీజీ చదువుతూ చదువు పక్కన పెట్టి వచ్చినవాడు. ఒకనాడు నలుగురిని వెంటేసుకుని నా దుకాణానికి వచ్చాడు.

"ఉమక్కా, నీ పెట్టె గావాలె."

"ఎందుకురా?"

"సద్దుల బతుకమ్మ ముందటి రోజు చౌరస్తల మంట పెడుతున్నం. మన యాసను ఎక్కిరించిన సినిమాలన్ని కాలబెడుతం. పాత పోస్టర్లు నీ తాన తప్ప ఎవ్వలి తాన లెవ్వు."

"నా పెట్టె మీద చెయ్యేస్తే చేతులిరుగుతయ్ బిడ్డా" అన్నాను, కత్తెర కింద పెట్టకుండానే.

వాడు వినే రకమా? పెట్టె మూత తీశాడు. పైనే ఉంది అవ్వ ఫోటో. చూడగానే వాడి ముఖం మాడిపోయింది.

"గిదే అక్కా! గీ పనిమనిషి సీనే! నేను హాస్టల్ల చేరిన దినం గిదే మాట అని నవ్విండ్రు. మెస్సుల గ్లాసు ముందట పెట్టి, ఏందిరా మేస్తవా అని. నేను సూడని సినిమాకు నన్ను ఎక్కిరించిండ్రు. ముందుగాల దీన్నే కాలబెడుత."

నేను వాడి చేతిలోంచి ఫోటో గుంజుకున్నాను. "ఆమె మా అవ్వ రా."

వెంట వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపలి గదిలో బియ్యం చెరుగుతున్న అవ్వ చేట చప్పుడు ఆగింది. సురేశ్ గొంతు తగ్గించాడు. "అయితే ఇంక గట్టిగ కాలబెట్టాలె అక్కా. అవ్వ ఇజ్జత్ కోసమే గద."

"కాయితం కాలుతది. గా గొంతు కాలుతదా? మా అవ్వ నోట్లె ఎవరిదో గొంతు పెట్టిండ్రు. అవ్వ అన్న మాట వేరే ఉన్నది. అది బయటికి రాకముందే నువ్వు అగ్గి పెడితే, వాళ్ళు పెట్టిన గొంతే ఖాయమైతది. తెల్సిందా?"

"అవ్వ ఏమన్నదో నీకెరుకనా మరి?"

"ఎరుక లేదు. తెలుసుకుంట. గా సినిమా పట్టుకొస్త. టెంటుల అందరి ముందట ఏస్త. అప్పటికి కూడ కాలబెట్టాలె అనిపిస్తే పెట్టె మొత్తం తీస్కపో. అగ్గిపుల్ల నేనే గీస్త."

అనేశాను. కోపమొస్తే నా నోటికి బ్రేకులుండవు. ఎప్పుడో మాయమైపోయిన సినిమాను సద్దుల లోపల ఎక్కడి నుంచి పట్టుకొస్తాను? పెట్టె పోతుంది, ఫోటో పోతుంది, అవ్వ మాట ఎప్పటికీ దొరకదు. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనకు చెప్పాను.

మా ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని ఆలోచించి అన్నాడు. "చిట్యాల దిక్కు తండాల సక్రు అని ఒగాయన ఉండె. వెనుకట టీవీ, వీసీఆరు నా బస్సు టాపు మీద ఏస్కొని తండ తండకు తిరిగెటోడు. రాత్రంత సినిమాలు ఏసెటోడు. ఆయన తాన లేని క్యాసెట్ లేకుండె."

"మరి ఇన్నేండ్లు చెప్పవైతివి?"

"నువ్వు ఎప్పుడన్న సినిమా పేరు చెప్తె గద! పేరెత్తితె మీద పడి కొడుతవాయె" అన్నాడు. అదీ నిజమే.

తెల్లారి ఎవరిదో టీవీఎస్ బండి అడుక్కొచ్చాడు. డ్రైవరు పెళ్ళాన్ని, కానీ ఎక్కుదామంటే బస్సు లేదు! టెంటులో వాళ్ళు ఆటపట్టించారు, "ఏందే యాకన్నా, సమ్మెల బండి నడుపుతున్నవ్?" అని. "బస్సెక్కితె ద్రోహం గని టీవీఎస్ ఎక్కితె ద్రోహం కాదుర" అని కిక్కు కొట్టాడు.

ఆ రోజుల్లో రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తిని, దారులు ఆపేవాళ్ళు. వంటావార్పు అనేవాళ్ళం. ఘన్‌పూర్ దగ్గర ఆపారు, తింటేగాని పోనివ్వమన్నారు. తిన్నాం. వరంగల్ దాటాక మళ్ళీ ఆపారు, మళ్ళీ పప్పన్నం. పరకాల చేరేసరికి నేను చేతులెత్తి దండం పెట్టాను. "అయ్యా, మీ కాల్మొక్త, జై తెలంగాణ అని ఎన్నిసార్లన్న అంట గని ఇంక ముద్ద పెట్టకుండ్రి." ఒక ముసలమ్మ వినకుండా నా కొంగులో రెండు సత్తుపిండి ముద్దలు కట్టి పంపింది.

సక్రు తండాలో పత్తి చేను పక్కన ఇల్లు. తెల్లటి మీసాల మనిషి. మా ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు. "డ్రైవర్ సాబ్! నా టీవీని ఎన్నడు పగలగొట్టని డ్రైవర్ నువ్వొక్కనివే!" అని చేతులు పట్టుకున్నాడు. ఆయన భార్య జమ్లీ, అద్దాల రవిక, చేతినిండా గాజులు, నన్ను పైనుంచి కిందిదాకా చూసి నీళ్ళ చెంబు అందించింది.

నేను సినిమా పేరు చెప్పాను. అవును, ఆ ఒక్కసారి చెప్పాను. సక్రు చెక్కపెట్టె తీశాడు. ఎండిన వేపాకుల మధ్య క్యాసెట్లు. వెతికి వెతికి ఒకటి తీసి, లోపలి టేపు మీద తెల్లగా పట్టిన బూజును దూదితో తుడిచాడు. వీసీఆరు మీద కప్పిన గుడ్డ తీశాడు. కరెంటు ఉన్న గంట అది, మా అదృష్టం.

బొమ్మ పడింది. హీరో నోరు తెరిచాడు. లంబాడీలో మాట్లాడాడు!

విలనూ లంబాడీయే. హీరోయినూ లంబాడీయే. మగవాళ్ళందరిదీ సక్రు గొంతు, ఆడవాళ్ళందరిదీ జమ్లీ గొంతు. మా ఆయన నవ్వి నవ్వి పొలమారి దగ్గుతున్నాడు. నాకేమో తిక్క నెత్తికెక్కింది.

"ఇదేందయ్యా! ఏం జేసినవ్ సినిమాను?"

సక్రు కొంచెం సిగ్గుపడ్డాడు. "తండాల ఆడోళ్ళకు అప్పుడు తెలుగు రాకపోయెనమ్మా. మొదాల సప్పుడు బంద్ జేసి, పక్కన నిలబడి నేనే కత చెప్పెటోన్ని. ప్రతి తండాల అదే కత, గొంతు పోయింది. బొంబాయి కూలికి పోయి తెచ్చిన మిషను ఇది, దీనికి మైకు పెడితె బొమ్మ అట్లనే ఉంటది, మాట మారుతది. ఇద్దరం కూసోని మా మాట ఎక్కించినం. పాత మాట చెరిగిపోయింది. మాకు మంచిగనే అనిపించె."

మంచిగానే అనిపించిందట! అయ్యో నా రాత! చిన్ననాటి నుంచి వెతికితే, లోకంలో మిగిలిన ఒకే ఒక్క క్యాసెట్‌లో మా అవ్వ నోట్లో మద్రాసు గొంతు పోయి జమ్లీ గొంతు వచ్చి కూర్చుంది. లేచి వెళ్ళిపోదామని చెప్పులు వేసుకున్నాను. అప్పుడే తెర మీదికి అవ్వ వచ్చింది.

పడుచు మనిషి. పళ్ళెం పట్టుకుని నిటారుగా నడిచి వచ్చింది. చంకలో నేను నోరంతా తెరిచి ఏడుస్తున్నాను. దొర గద్దించాడు. అవ్వ ఏదో అన్నది, జమ్లీ గొంతుతో, నెమ్మదిగా. నవ్వు వచ్చే మాటలా లేదు. అవ్వ పళ్ళెం పెట్టి వెనుదిరిగి పోయింది. నేను చెప్పులు విడిచాను.

"ఈడ మీ తండాల నవ్వలేదా?" అని అడిగాను.

"నవ్వుడేంది?" అన్నది జమ్లీ, నేనేదో కానిమాట అన్నట్టు. "ఆడోళ్ళు కండ్లు తుడ్సుకున్నరు."

"ఆమెతోని నువ్వు ఏమనిపించినవ్ ఆడ?"

"పిల్ల ఏడుస్తున్నది, దానికి ముందుగాల పాలియ్యాలె అనిపించిన. గా తెలుగు మాట నాకు అర్థం కాలే. మా ఆయన గడ్డి గిడ్డి అని ఏమేమో చెప్పె. నేను ఒప్పుకోలే. చంకల పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటె ఏ తల్లన్న గడ్డి సంగతి మాట్లాడుతదా? నువ్వే చెప్పు."

గడప మీద కూలబడి ఏడ్చాను. ఊరంతా, హాలంతా, రాష్ట్రమంతా చెవులతో విని నవ్వింది. భాష తెలియని ఈ మనిషి ఒక్కతే కళ్ళతో చూసింది.

"జమ్లక్కా, నా ఎంబడి జనగామకు రావాలె. మిషను పట్టుకొని రావాలె" అన్నాను. సక్రు పత్తి ఏరేది ఉందని గొణిగాడు. జమ్లీ అప్పటికే కొంగు బిగించి, వీసీఆరుకు బొంత చుడుతోంది.

తండా ఆటోలో వాళ్ళిద్దరూ మరునాడు దిగారు. మంట పెట్టేది ఆ సాయంత్రమే. చౌరస్తాలో కట్టెలు పేర్చి ఉన్నాయి.

అవ్వ అయితే గదిలోంచి బయటికి రానంది. అనపకాయలు వలుచుకుంటూ గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను బతిమాలాను, అరిచాను, అలిగాను. మొండిది. నాకు ఎవరి పోలిక వచ్చిందనుకున్నారు మరి! చివరికి జమ్లీ నన్ను పక్కకు జరిపి, లోపలికి పోయి, అవ్వ ఎదురుగా కూర్చుని తనూ అనపకాయలు వలవడం మొదలుపెట్టింది. ముందు గదిలో సక్రు క్యాసెట్ పెట్టాడు. ఆ సీను వచ్చింది. జమ్లీ గొంతు వినబడింది.

అవ్వ చేతులు ఆగాయి. "గిదేం మాట?"

"మా తండా మాట అక్కా. పిల్ల ఏడుస్తున్నది, పాలియ్యాలె అంటున్నవ్ నువ్వు."

అవ్వ ఒళ్ళోని అనపగింజలు కిందికి జారాయి. "నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు? నిన్ను జూస్తె తెల్వదా?"

అవ్వ జమ్లీ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. "గదే అన్న నేను. ఒట్టు, గదే అన్న" అని చిన్నపిల్లలా చెప్పింది. "మరి నాకెందుకు చెప్పలేదే అవ్వా?" అని నేను అరిచాను.

"చెప్తె ఎవలు నమ్ముతరే? సినిమాల ఇన్నదే నిజమంటరు. చిలుకమ్మ సిగ్గు దాసుకుంటున్నదంటరు. ఎందుకని నోరు మూసుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయినా గది సగమే. ఇంక సగం ఉన్నది."

"ఏందే గా సగం?"

"ఈడ చెప్ప. నవ్వింది నలుగుట్ల. నలుగుట్లనే చెప్త." అని లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసుకుంది.

టెంటు కిందికి సగం జనగామ వచ్చినట్టుంది. రెండు బల్లల మీద టీవీ పెట్టి, వెలుతురు పడకుండా చుట్టూ నల్లటి దుప్పటి కట్టాం. జనరేటర్ తెచ్చారు. నా ఇనప్పెట్టె కట్టెల పక్కనే ఉంది, సురేశ్ చేతిలో కిరోసిన్ డబ్బా ఉంది. వాడు మైకులో, "గీ సీనుల ఉన్నది మన ఉమక్క వాళ్ళవ్వ. ఆమె మాట్లాడుతదట" అన్నాడు. జనంలో గుసగుసలు. "కాఫీ మేసిన చిలుకమ్మనా?" అని ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. నేను లేవబోయాను, మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

సక్రు చప్పుడు పూర్తిగా తగ్గించాడు. అవ్వ టీవీ పక్కన నిలబడి మైకు తీసుకుంది. జమ్లీ వెనక నిలబడి నడుము మీద చెయ్యి ఆనించింది. తెర మీద పడుచు చిలుకమ్మ పళ్ళెంతో నడిచి వచ్చింది. దొర గద్దించాడు. తెర మీది చిలుకమ్మ పెదవులు కదిలాయి. అదే క్షణంలో మైకులోంచి అవ్వ గొంతు వచ్చింది.

"జర ఆగుండ్రి దొరా, నా బిడ్డ ఆకలికి ఏడుస్తున్నది. దానికి పాలిచ్చి వస్త. గంతదాక మీ కాఫీ మీరే పోసుకోండ్రి!"

పెదవులు ఎక్కడ ఆగాయో గొంతూ అక్కడే ఆగింది. తెర మీది చిలుకమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టి, నన్ను ఎగేసుకుని, తల వంచకుండా వెళ్ళిపోయింది.

అప్పుడు లేచింది చూడండి టెంటులో అరుపు! ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు. డోలు కొట్టేవాళ్ళు డోలు అందుకున్నారు. నాకు ఏదీ సరిగా కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళే. దొరల ముందు పెద్ద పెద్ద మగవాళ్ళే చెప్పులు చేతిలో పట్టుకున్న కాలంలో మా అవ్వ ఆ మాట అన్నది. నా కోసం అన్నది. అంత మాట అన్న మనిషిని పట్టుకుని, ఇన్నేళ్ళూ కాఫీ మేసిందన్నారు!

"మల్లొక్కసారి ఎయ్యి సక్రూ" అన్నది అవ్వ. సక్రు వెనక్కి తిప్పి వేశాడు. ఈసారి అవ్వ జనం వైపు తిరిగి అన్నది. ఆ తర్వాత మళ్ళీ వేయించింది. అప్పుడు జనం కూడా గొంతు కలిపారు.

సురేశ్ మైకు తీసుకోలేదు. కిరోసిన్ డబ్బా కింద పెట్టి, అవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అవ్వా, హాస్టల్ల నన్ను నవ్వినోళ్ళకు గిది చూపియ్యాలె" అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ. "చూపియ్యి బిడ్డా. ముందుగాల నా పెట్టె ఇంటికి మొయ్యి" అన్నాను నేను. మొయ్యక ఏం చేస్తాడు? మోశాడు. ఆ కట్టెల మీద ఆ సాయంత్రం అందరికీ అన్నం వండాం.

ఆ తర్వాత ఎన్నాళ్ళో టెంటులో ఆ మాటే. సమ్మె ఆపండి, డ్యూటీ ఎక్కండి అని ఎవరు వచ్చి చెప్పినా, వెనక నుంచి ఒకరు "జర ఆగుండ్రి" అనేవాళ్ళు, మిగిలిన మాట టెంటంతా కలిసి అనేది. మా గల్లీ పిల్లలు అవ్వను చూసి ఇప్పుడు ఆ మాటే అరుస్తారు. అవ్వ పండ్లు లేని నోటితో నవ్వుతుంది. జమ్లీ ప్రతి పత్తి కాలం అయ్యాక వచ్చి నాలుగు రోజులుండి పోతుంది. రాష్ట్రం వచ్చిన యేడు బతుకమ్మకు మా గల్లీలో పాట ఎత్తింది అవ్వే.

ఫోటో ఇప్పుడు పెట్టెలో లేదు. అవ్వే మేకు కొట్టించి వాకిట్లో గోడకు పెట్టించుకుంది. నేను మిషను మీద కూర్చుని, నడుం నొప్పి పుట్టి, "అవ్వా, జర చాయ్ పెట్టవే" అని కేకేస్తే, ఆమె కదలదు. ఆ ఫోటో కింద మంచం మీద కూర్చునే జవాబిస్తుంది.

"ఎన్నడో పాలిచ్చిన. ఇగ నీ చాయ్ నువ్వే పోసుకో."